శివారు దాకా లెక్క

(తణుకులో చేసిన ధర్మనిధి స్మారకోపన్యాసం)



పిల్లల బ్లడ్ క్యాన్సర్, అంటే లుకేమియా గురించి అందరికీ అర్థమయ్యేలా మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సరేనన్నాను. అయితే ఈ సాయంత్రం జబ్బు గురించి కొంచెమే చెబుతాను. ఎక్కువగా చెప్పేది లెక్క గురించి. ఒకే జబ్బు, ఒకే మందు, ఒకే వయసు అయినా ఒక బిడ్డ బతికి బడికి వెళ్తుంది, ఇంకో బిడ్డ దక్కదు. ఆ తేడా ఎక్కడ పుడుతోందో తేల్చాలంటే ఒక్క ఆసుపత్రి వల్ల కాదు, చాలా ఆసుపత్రులు కలిసి ఒకే పద్ధతిలో లెక్క రాయాలి. అది ఎంత కష్టమో, అందులో మన తణుకు చేయగలిగిన పని ఏమిటో చెప్పడానికే వచ్చాను.

ముందుగా, ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారిని తలచుకోవాలి. నా హౌస్‌సర్జన్ రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన గదిలో ఓ మూల కూర్చునేవాణ్ణి. బల్ల సొరుగులో ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది. కాకినాడకో విశాఖకో మద్రాసుకో పంపిన ప్రతి రోగి పేరూ అందులో రాసి, పక్కన కొంత ఖాళీ వదిలేవారు. ఆ ఊరివాళ్లెవరైనా దగ్గుకో పడిశానికో వస్తే, చీటీ రాస్తూనే, "మీ వీధి కుర్రాణ్ణి కాకినాడ వెళ్లమన్నాను, వెళ్లాడా?" అని అడిగేవారు. వచ్చిన జవాబు ఆ ఖాళీలో ఎక్కేది. కొన్ని ఖాళీలు ఎప్పటికీ నిండలేదు. అప్పట్లో నాకు అది పెద్దాయన చాదస్తంలా కనిపించింది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

పిల్లల లుకేమియా గురించి ఈ జిల్లాలో మాట్లాడేవారెవరైనా భీమవరం దగ్గర ఆగక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న అక్కడ పుట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అదే జబ్బు ఆయన్నీ పట్టి, వదిలింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు బ్రిటిష్ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. వచ్చింది. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఆ ప్రయాణానికి చేయూతనిచ్చిన వాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ధర్మనిధుల సభలో ఈ సంగతి గుర్తు చేసుకోవడం సబబు. గోదావరి జిల్లా ధర్మం డబ్బు ఎంత దూరం వెళ్లిందో చూడండి.

1925లో సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ గదుల్లోంచే వచ్చింది. ఈ డెల్టాలో ఆ బిళ్లలు మింగని తరం లేదు.

ఫోలిక్ యాసిడ్ లేనిదే కణం రెండుగా చీలదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఆ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఎగదన్నింది. అయితే దాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ దాని పని చేయని నకిలీ పదార్థాన్ని కణానికి అందిస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం అచ్చయింది. 16 మంది పిల్లలకు మందు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఆ మేలు కొన్ని నెలలే నిలిచింది. అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలదే. ఈ రోజుకీ లుకేమియా బిడ్డకు వారం వారం మింగించేది, వెన్నులోకి ఎక్కించేది ఆ మందే.

మందు కనిపెట్టినవాడు మన జిల్లావాడు. ఆ మందుతో మొదలైన వైద్యంతో ధనిక దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకడం లేదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే నా ఉపన్యాస విషయం.

కలిసి లెక్క రాయడం ఎందుకు మొదలైంది

ఒక మందు నుంచి తొంభై శాతానికి ఎలా చేరారు? కొత్త మందులు కనిపెట్టి అని చాలామంది అనుకుంటారు. అసలు మందుల్లో చాలావరకు 1970 నాటికే ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక, ఎన్ని రోజులు, ఎంత మోతాదు అన్నది తేల్చడంలోనే ప్రాణాలు నిలిచాయి. అది తేల్చాలంటే వందల మంది పిల్లలు కావాలి. పిల్లల లుకేమియా అరుదైన జబ్బు, ఒక్క ఆసుపత్రికి వచ్చేవాళ్లు తక్కువ. అందుకని 1950లలో అమెరికాలో ఫ్రై, హాలండ్, ఫ్రైరైక్ వంటి డాక్టర్లు కొన్ని ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెచ్చారు. 1958లో అచ్చయిన వారి తొలి అధ్యయనం అడిగిన ప్రశ్న చిన్నది: మెర్కాప్టోప్యూరిన్ అనే మందుతో పాటు మెథోట్రెక్సేట్‌ను రోజూ ఇవ్వాలా, మూడు రోజులకోసారి ఇవ్వాలా? క్యాన్సర్‌లో బహుళ కేంద్రాల పరిశోధన అలా మొదలైంది. మొదలైంది కూడా మన సుబ్బారావు మందు మీదే.

మన దేశంలో ఆ పని 1984లో మొదలైంది. ముంబై టాటా మెమోరియల్, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ ఎయిమ్స్ మూడూ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన ఇయన్ మగ్రాత్‌తో కలిసి ఎం.సి.పి. 841 అనే ఒకే చికిత్సా పద్ధతిని పాటించాయి. అంతకుముందు ఇరవై శాతం కూడా లేని ఫలితం, నాలుగేళ్ల దగ్గర చూస్తే 45 నుంచి 60 శాతానికి చేరింది.  పద్ధతి ఒకటి కావడం, రక్తం ఎక్కించడం, ఇన్‌ఫెక్షన్ ఆపడం వంటి పక్క వైద్యం మెరుగుపడడం, ఈ రెండే ఆ పని చేశాయి.

1990 నుంచి 1997 దాకా ఆ మూడు చోట్ల చికిత్స పొందిన 1,048 మంది లెక్కలు 2005లో అచ్చయ్యాయి. ఆ వ్యాసాన్ని నా విద్యార్థుల చేత ఏటా చదివించేవాణ్ణి. అందులో ఒక వింత ఉంది. పాశ్చాత్య దేశాల్లో బిడ్డ వయసు చూసి ఫలితాన్ని చాలావరకు ఊహించవచ్చు. మన మూడు కేంద్రాల్లో ఒక్కచోట కూడా వయసుకు ఫలితంతో సంబంధం కనిపించలేదు. తెల్లకణాల సంఖ్య ఒక్కటే సూచికగా తేలింది, అదీ రెండు చోట్లే.

మన పిల్లల జబ్బు వేరా? కొంత వేరే. టి-కణాల రకం మన దగ్గర ఎక్కువ. 18 ఏళ్లలోపు వారిలో కేంద్రాన్ని బట్టి 21 నుంచి 43 శాతం దాకా ఉంది, చెన్నైలో మరీ ఎక్కువ. జబ్బు బాగా ముదిరాక వచ్చినవాళ్లూ ఎక్కువే. కానీ అసలు కిటుకు మరొకటి. జబ్బు తిరగబెట్టి పోయే బిడ్డను తెల్లకణాల సంఖ్య ముందే చూపించగలదు. కీమో మధ్యలో కౌంట్లు పడిపోయి, జ్వరం వచ్చి, దగ్గర్లో సూది వేసే దిక్కులేక పోయే బిడ్డను ఏ సంఖ్యా ముందుగా చూపించదు. అలాంటి మరణాలు ఎక్కువైతే తతిమ్మా లెక్కంతా మసకబారుతుంది. బిడ్డ రక్తంలో వెతికిన జవాబు సగం ఇంటి పరిసరాల్లో, సగం అర్ధరాత్రి దొరకని బండిలో ఉంది.

ఒకే కొలబద్ద

కలిసి పరిశోధించడమంటే అందరూ ఒకే మందు ఇవ్వడం మాత్రమే కాదు, అందరూ ఒకే కొలబద్ద వాడడం. ఒక ఉదాహరణ చెబుతాను, లెక్క సులువు కోసం ఊహించిన అంకెలు.

రెండు ఆసుపత్రులు ఉన్నాయి. రెండింటికీ వందమంది చొప్పున పిల్లలు వచ్చారు. రెండు చోట్లా ఇరవై మంది మధ్యలో వైద్యం మానేసి ఇంటికి పోయారు. మిగిలిన ఎనభై మందిలో రెండు చోట్లా యాభై ఆరు మంది బతికారు. మొదటి ఆసుపత్రి మానేసినవాళ్లను పక్కనపెట్టి, మాది డెబ్బై శాతం అంది. రెండో ఆసుపత్రి మానేసినవాళ్లను కూడా ఓటమి కిందే రాసుకుని, మాది యాభై ఆరు శాతం అంది. పత్రికలో మొదటిదే గొప్ప. నిజం రాసిన రెండోది చిన్నబోయింది.

అందుకే పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం ఒక నిర్వచనం పెట్టింది. నయం చేయగల వైద్యాన్ని మొదలుపెట్టకపోయినా, మొదలుపెట్టి వరుసగా నాలుగు వారాలు లేదా అంతకు మించి రాకపోయినా, అది వైద్యం వదిలేయడమే. లుకేమియా వైద్యం రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. మొదటి నెలకే బిడ్డ చక్కగా తేరుకుని, బుగ్గలు పూరి, ఆడుకుంటుంది. తగ్గిపోయిందనుకుంటారు. కౌలు రైతుకు నాట్లు వస్తాయి, చెరువు మీద కాపలా ఉన్నవాడికి సెలవు దొరకదు, ఇంట్లో ఇంకో బిడ్డకు అమ్మ కావాలి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ మందుల ఖర్చు చాలావరకు తీర్చింది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ పోయిన కూలి, అద్దె గది, రాత్రి బస్సు టికెట్టు ఏ ప్యాకేజీలోనూ ఉండవు.

ఇంకో చిక్కు ఊళ్లోనే మొదలవుతుంది. బిడ్డకు జ్వరం తగ్గడం లేదని, కీళ్లు నొప్పులంటోందని స్టెరాయిడ్ రాస్తారు. లుకేమియాకు మొదటి మందుల్లో స్టెరాయిడ్ కూడా ఒకటి కాబట్టి కొన్నాళ్లు జబ్బు ముసుగు వేసుకుంటుంది. తీరా పెద్దాసుపత్రికి చేరేసరికి ఎముక మజ్జలో అసలు చిత్రం చెరిగిపోయి ఉంటుంది. ఆ బిడ్డను ఏ ప్రమాద వర్గంలో వేయాలో తెలియదు, పరిశోధనలో చేర్చుకోవాలో లేదో తెలియదు. అలా తప్పించిన పిల్లలంతా పల్లెటూరి పిల్లలే అయితే, ఆ పరిశోధన ఎవరి గురించి చెప్పినట్టు?

మందు మోతాదులోనూ తేడా ఉంది. మెర్కాప్టోప్యూరిన్‌ను శరీరం ఎంత తట్టుకుంటుందో కొన్ని జన్యువులు నిర్ణయిస్తాయి. యూరప్ వారిలో ముందుగా తెలిసిన జన్యువు ఒకటి. ఆసియా వారిలో ముఖ్యమైనది ఎన్.యు.డి.టి. 15, దాని సంగతి 2014లో గానీ బయటపడలేదు. అది తేడాగా ఉన్న బిడ్డకు పుస్తకంలోని మోతాదు ఇస్తే కౌంట్లు పాతాళానికి పోతాయి. అమెరికా మూలవాసుల సంతతి పిల్లల్లో జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని 2011లో తేలింది. ఒక విడత కీమో అదనంగా ఇచ్చినవారిలో ఆ తేడా మాయమైంది. ఇంటి దగ్గర మింగే బిళ్లల్లో వందకు తొంభై అయిదు కూడా మింగని పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుందని మరో అధ్యయనం చెప్పింది. ఇవన్నీ చాలా కేంద్రాల లెక్కలు ఒకచోట పోస్తేనే కనిపించాయి. తేడా రక్తంలో ఉందా, ఇంట్లో ఉందా, దారిలో ఉందా అన్నది విడదీయకుండా 'మన పిల్లలు ఇంతే' అనుకోవడం నేరం.

ఎం.సి.పి. 841 తర్వాత మన దేశంలో ఐసికిల్ పేరుతో మరో ఉమ్మడి ప్రయోగం వచ్చింది. 2016లో పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్, ముంబై, ఢిల్లీ, చండీగఢ్, చెన్నై కేంద్రాలు అందులో ఉన్నాయి. అది అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకెంతో నచ్చింది: ప్రమాదం తక్కువున్న చిన్నపిల్లల్లో తొలివిడత స్టెరాయిడ్‌ను ఐదు వారాలకు బదులు మూడు వారాలే ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయా? ఇది బోస్టన్ అడిగిన ప్రశ్న కాదు. పాత లెక్కలో ఇన్‌ఫెక్షన్‌తో పోయిన పిల్లలు మనచేత అడిగించిన ప్రశ్న.

ఇలాంటి ప్రయోగాన్ని నడపడం పెళ్లివారందరినీ ఒకే ముహూర్తానికి చేర్చడం లాంటిది. ప్రతి కేంద్రంలో నైతిక సంఘం అనుమతి కావాలి. బహుళ కేంద్రాలకు ఉమ్మడి సమీక్ష జరపవచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దారి చూపాయి. ప్రతి ప్రయోగశాలా కణాలను ఒకే తీరుగా చదవాలి. ప్రతి తల్లికీ ఆమె భాషలో చెప్పి ఒప్పించాలి, ఏడేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా తీసుకోవాలి. ఒకసారి ఒక తండ్రికి, ఏ బిడ్డకు ఏ పద్ధతి అన్నది కంప్యూటరు తేలుస్తుందని చెబుతుంటే, "అంటే మా బాబు ప్రాణానికి చీటీ వేస్తారా అండీ?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఏదీ పనికి రాలేదు. రెండు దారుల్లో ఏది మేలో మాకూ తెలియదని, తెలిస్తే చీటీ వేయమని, రెండు దారుల్లోనూ చూసుకునేది మేమేనని చెప్పాను. కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. సమ్మతి పత్రంలో ఉండవలసిన తెలుగు అదేనని ఆ రోజు అర్థమైంది.

రానివాళ్ల లెక్క

ఇంత చేసినా ఒక లోపం మిగిలిపోతుంది. ఆసుపత్రి లెక్క ఆసుపత్రి గడప దగ్గరే మొదలవుతుంది. గడప దాకా రాని బిడ్డ ఏ పట్టికలోనూ లేదు.

ఢిల్లీ, ముంబై, చెన్నై కేంద్రాల రికార్డులనూ రిజిస్ట్రీలనూ కలిపి 2023లో ఒక అధ్యయనం వచ్చింది. క్యాన్సర్ వైద్యానికి వచ్చిన పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ. ఆ తేడా దక్షిణాదిలో కంటే ఉత్తరాదిలో మరీ ఎక్కువ. ఆసుపత్రి దూరమైనకొద్దీ, ఖర్చు పెరిగినకొద్దీ ఆడపిల్లలు తగ్గుతారు. ఈ జబ్బు మగపిల్లల్లో కొంచెం ఎక్కువే, కానీ దూరాన్ని బట్టి మారేంత తెలివి జబ్బుకు లేదు. ఆ తెలివి మనది. దక్షిణాదిలో తక్కువని మనం సంబరపడనక్కర్లేదు. మన జిల్లా లెక్క మన చేతిలో ఉంటే కదా తెలిసేది.

అది ఎందుకు లేదో ఆలోచించండి. తణుకులో జ్వరంతో మొదలైన బిడ్డ ఎక్కడికి వెళ్తుంది? ఒకరు హైదరాబాద్ ఎం.ఎన్.జె.కి, ఒకరు విశాఖ హోమీ భాభాకి, ఒకరు విజయవాడకి, ఇంకొకరు చుట్టాలున్నారని చెన్నైకి, వెల్లూరుకి. ఒక్క జిల్లా పిల్లలు ఐదారు ఊళ్లలో చెదిరిపోతారు. ఏ పెద్దాసుపత్రీ పశ్చిమగోదావరిని పూర్తిగా చూడలేదు. ప్రతిదీ ఓ ముక్కే చూస్తుంది. 1981లో ఐసీఎంఆర్ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది గానీ, జనాభా ఆధారంగా పూర్తి లెక్క రాసే రిజిస్ట్రీలు దేశంలో కొద్ది భాగాన్నే కవర్ చేస్తాయి.

మనది కాలవల సీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఎంత నీరు వదిలారో హెడ్ లాకుల దగ్గర స్కేలు చెబుతుంది. అది చూసి డెల్టా అంతా పండుతోందని ఏ రైతూ నమ్మడు. శివారు ఆయకట్టులో ఆఖరి బోదెకు నీళ్లెక్కాయా అని అడుగుతాడు. అక్కడి సంగతి హెడ్ లాకుల ఆఫీసరుకు తెలియదు, గట్టు వెంట నడిచే లస్కరుకు తెలుస్తుంది. మందుల విషయంలోనూ అంతే. తొంభై శాతం అన్నది హెడ్ లాకుల దగ్గరి అంకె. పిల్లల క్యాన్సర్‌లో 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలని డబ్ల్యు.హెచ్.ఓ. 2018లో గురి పెట్టింది. ఆ అరవై మన శివారుకు చేరిందో లేదో జెనీవా చెప్పలేదు, ముంబై కూడా చెప్పలేదు.

మనం చెప్పగలం. పంపినది ఎవరో వాళ్లే చెప్పగలరు. పెద్దాయన ఎర్ర అట్ట పుస్తకం విలువ నాకు ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసింది. మేం లక్షల రూపాయల సాఫ్ట్‌వేరు పెట్టి, చాలా కేంద్రాలు కలిపి, ఏ గడి ఖాళీగా ఉందని తల పట్టుకున్నామో, ఆ గడిని ఆయన రూపాయిన్నర నోటుపుస్తకంలో గీసి ఉంచారు.

అందుకే తణుకు వైద్య మిత్రులకు రెండు విన్నపాలు. ఒకటి, బిడ్డ పాలిపోయి, రెండు వారాలైనా జ్వరం తగ్గక, ఒంటి మీద కమిలిన మచ్చలు గానీ మెడలో బిళ్లలు గానీ ఎముకల నొప్పి గానీ ఉంటే, స్టెరాయిడ్ రాసేముందు సీబీపీ చేయించి, స్లైడు మీద కణాలను చూపించండి. రెండు, మీరంతా కలిసి ఒక్క పుస్తకం పెట్టండి. అందులో ఐదు గడులు చాలు: పంపిన తేదీ, చేరిన తేదీ, ఎక్కడ చేరింది, వైద్యం ముగిసిన తేదీ, ఈ రోజు ఎలా ఉంది. బిడ్డ పేరు మీ దగ్గరే ఉంచి, సంఖ్యతో మాత్రమే పై ఆసుపత్రులకు పంపండి. ఆ సంఖ్య పక్కన ఆడో మగో తప్పకుండా రాయండి. ఖాళీ గడి కనిపిస్తే ఆశా కార్యకర్తను ఆ ఇంటికి పంపండి. చార్జీలకు డబ్బు లేక ఆగిపోయారని తెలిస్తే, ఈ ధర్మనిధిలాంటివి ఉన్నది అందుకే.

భీమవరం, తాడేపల్లిగూడెం, పాలకొల్లు, నరసాపురం కూడా అదే పుస్తకం అవే గడులతో పెడితే, అది బహుళ కేంద్రాల పరిశోధనే.  మొదటి పేజీ ఈ వారంలోనే తణుకులో గీయండి. వచ్చే ఏడాది ఈ సభకు ఉపన్యాసకుణ్ణి పిలిచేముందు, ఎన్ని గడులు నిండాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఈ వేదిక మీద చదివి వినిపించండి.